9 వాట్ల బల్బు 12 వాట్ల బల్బు కన్నా ఎక్కువ వెలుగు ఇస్తుందా? కొత్త ఇంటికి లైట్లు ఎలా ఎంచుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. విజయవాడలో రెండు పడక గదుల ఫ్లాట్‌లోకి మారుతున్నారు. ఎలక్ట్రీషియన్ హాల్లోకి 12 వాట్లు, గదుల్లోకి 9 వాట్ల బల్బులు రాసిచ్చాడు. దుకాణంలోనేమో ఈ కంపెనీ 9 వాట్లు ఆ కంపెనీ 12 వాట్ల కన్నా బాగా వెలుగుతాయన్నారు. ఎవరి మాట వినాలి, కరెంటు బిల్లు తగ్గాలంటే ఏది కొనాలి అని అడిగారు. దాంతో పాటు, పాత ఇంట్లో ట్యూబ్‌లైటే నయమని, ఎల్‌ఈడీ పెట్టాక వంటగదిలో సరిగా కనిపించడం లేదని మీ అమ్మగారు అంటున్నారని రాశారు.

ముందు సూటిగా జవాబు. దుకాణదారు చెప్పింది జరగగలదు. వాట్లు బల్బు తినే కరెంటును చెబుతాయి, ఇచ్చే వెలుగును కాదు. వెలుగు తెలియాలంటే పెట్టె మీద ల్యూమెన్ల అంకె చూడండి. రెండు బల్బులలో ఏది ఎక్కువ ల్యూమెన్లు ఇస్తే అది ఎక్కువ వెలుగు. ల్యూమెన్లను వాట్లతో భాగిస్తే వచ్చే అంకె ఎంత పెద్దదైతే అది అంత పొదుపు. ఇక మీ అమ్మగారి మాట కూడా నిజమే. అయితే ఆ ఇబ్బంది బల్బు వల్ల కాకుండా దాన్ని బిగించిన చోటు వల్ల వచ్చి ఉంటుంది. ఇళ్లకు వైరింగు, లైటింగు పనులు చేయిస్తుంటాను కనుక ఈ రెండో రకం ఫిర్యాదు మొదటిదానికన్నా ఎక్కువ వింటాను. దాని దగ్గర కాస్త ఆగి చెబుతాను.

మనకు వాట్లతో వెలుగును కొలిచే అలవాటు ఎందుకు పడిందంటే, ఒకప్పుడు అది సరిపోయేది. ఫిలమెంటు బల్బులన్నీ దాదాపు ఒకే తీరుగా పనిచేసేవి. ఏ కంపెనీ బల్బైనా వాట్‌కు 10 నుంచి 14 ల్యూమెన్లే ఇచ్చేది, మిగతా కరెంటంతా వేడిగా పోయేది. కాబట్టి 40 కన్నా 60, 60 కన్నా 100 ఎక్కువ వెలుగు అనుకుంటే లెక్క తప్పేది కాదు. 60 వాట్ల పాత బల్బు ఇచ్చేది సుమారు 700 ల్యూమెన్లు. సీఎఫ్‌ఎల్ వచ్చాక ఆ లెక్క చెడింది, ఎల్‌ఈడీ వచ్చాక పూర్తిగా పోయింది. ఇప్పుడు బజారులో దొరికే ఎల్‌ఈడీ బల్బుల్లో వాట్‌కు 70 ల్యూమెన్లు ఇచ్చేవీ ఉన్నాయి, 120కి పైన ఇచ్చేవీ ఉన్నాయి. అందుకే ఒక 12 వాట్ల బల్బు 900 ల్యూమెన్ల దగ్గర ఆగిపోతే, మంచి 9 వాట్ల బల్బు వెయ్యి దాటిపోతుంది.

వాట్ల లెక్క ఎంత తప్పుదారి పట్టిస్తుందో చూడాలంటే జీరో బల్బును తీసుకోండి. రాత్రంతా వెలిగే ఆ చిన్న రంగు బల్బు అసలు కరెంటే తినదని మన ఇళ్లలో గట్టి నమ్మకం. నిజానికి పాత ఫిలమెంటు జీరో బల్బు 12 నుంచి 15 వాట్లు తినేది. అంత చిన్న లోడుకు పాత చక్రం మీటర్లు సరిగా తిరిగేవి కావు కనుక దానికి సున్నా అని పేరు పడిపోయిందని పాత మేస్త్రీలు చెబుతారు. ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటర్ ఏదీ వదలదు. 15 వాట్ల జీరో బల్బు రాత్రి 8 గంటలు వెలిగితే నెలకు 3.6 యూనిట్లు. మీ గదిలో 9 వాట్ల ఎల్‌ఈడీ రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 1.35 యూనిట్లు. అంటే వెలుగే ఇవ్వని బల్బు గదినంతా వెలిగించే బల్బు కన్నా రెండున్నర రెట్లు ఎక్కువ తింటోంది. కొత్త ఇంటికి సామాను సర్దేటప్పుడు పాత జీరో బల్బులు గనుక బయటపడితే అక్కడే వదిలేయండి. అర వాట్ ఎల్‌ఈడీ జీరో బల్బులు వచ్చాయి.

పెట్టె మీద ఏం చూడాలి

వాట్ల అంకె ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ల్యూమెన్ల అంకె పక్కనో వెనకో చిన్నగా ఉంటుంది. వెతికి చూడండి. ఆ అంకె అసలు వేయని పెట్టెను నేనైతే తిరిగి ఇచ్చేస్తాను. తరవాత బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వారి నక్షత్రాల గుర్తు. ఎల్‌ఈడీ బల్బులకు ఆ నక్షత్రాలు వాట్‌కు ఎన్ని ల్యూమెన్లు అన్నదాన్ని బట్టే ఇస్తారు. కాబట్టి భాగహారం చేసే ఓపిక లేనివారు నక్షత్రాలు లెక్కపెట్టినా చాలు. మూడోది భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు. దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. ఎల్‌ఈడీ బల్బులకు ఐఎస్ 16102 ప్రమాణం ఉంది, ఆ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కుప్పపోసి అమ్మే పేరులేని బల్బుల మీద ఇది కనబడదు. అలాంటివి కొన్ని మీటరు పెట్టి చూశాను. 12 అని రాసి ఉన్నది 7, 8 వాట్ల దగ్గరే ఆగిపోవడం మామూలే. అది పొదుపు కాదు, కొన్న వెలుగులో కోత.

“60 వాట్లకు సమానం” లాంటి మాటల్ని పెద్దగా పట్టించుకోకండి. దేనితో పోల్చారో కొన్ని పెట్టెలు చెబుతాయి, కొన్ని చెప్పవు. ల్యూమెన్ల అంకె చేతిలో ఉన్నాక ఈ పోలికతో పనిలేదు.

ధర గురించి రెండు మాటలు. 2014లో ప్రభుత్వ సంస్థ ఈఈఎస్ఎల్ ఎల్‌ఈడీ బల్బులను టోకున కొన్నప్పుడు ఒక్కోటి 310 రూపాయలు పడింది. 2015 జనవరి 5న, ఇళ్లకు తక్కువ ధరకు ఈ బల్బులు అందించే ఉజాలా పథకం మొదలై కోట్ల సంఖ్యలో కొనుగోళ్లు జరిగాక, 2016 నాటికి అది 38 రూపాయలకు దిగింది. మన ఇళ్లలో 9 వాట్ల బల్బే ఆనవాయితీ కావడంలో ఆ పథకం పంచిన బల్బుల పాత్ర చాలా ఉంది. మీ ఎలక్ట్రీషియన్ కూడా గది చూసి లెక్క వేసి కాదు, ఆ అలవాటు కొద్దీ రాసిచ్చి ఉంటాడు.

ఏ గదికి ఎన్ని ల్యూమెన్లు

ల్యూమెన్లు బల్బు నుంచి బయలుదేరే మొత్తం వెలుగు. మనకు కావలసినది పుస్తకం మీద, కూరగాయల పీట మీద పడే వెలుగు. దాన్ని లక్స్‌లలో కొలుస్తారు. ఒక చదరపు మీటరు మీద ఒక ల్యూమెన్ పడితే ఒక లక్స్. మధ్యాహ్నపు ఎండలో లక్ష లక్స్‌ల దాకా ఉంటుంది, నిండు పున్నమి వెన్నెల అర లక్స్ కూడా ఉండదు. ఈ రెంటి మధ్యా మన కన్ను సర్దుకుపోతుంది కనుకనే ఎంత వెలుగు ఉందో కంటితో అంచనా వేయడం కష్టం. ఇంట్లో హాలుకు 100 నుంచి 150, వంటగదికి 200, చదువుకునే బల్ల మీద 300 లక్స్‌లు ఉంటే హాయిగా ఉంటుంది.

గదిలో వెలుగంతా పనికివచ్చే చోట పడదు. గోడలు, పైకప్పు, సామాను కొంత మింగేస్తాయి. తెల్లటి గోడ పడిన వెలుగులో ఎనభై శాతం దాకా తిప్పి పంపుతుంది, ముదురు రంగు గోడ ఇరవై శాతం కూడా పంపదు. ఇదంతా కలుపుకొని నేను వాడే మోటు లెక్క ఇది: హాలుకు చదరపు అడుగుకు 20 ల్యూమెన్లు, పడక గదికి 15, వంటగదికి 30. లేత రంగు గోడలు, పదడుగుల పైకప్పు ఉన్న ఇళ్లకు ఇది సరిపోతుంది. ఒక గోడకు ముదురు నీలమో, టేకు పలకలో వేయిస్తే పాతిక శాతం కలపండి.

మీ ఫ్లాట్ కొలతలు రాయలేదు కాబట్టి ఊహించి చెబుతున్నాను. హాలు 12 అడుగులు, 16 అడుగులు అనుకుంటే 192 చదరపు అడుగులు, అంటే 3,800 ల్యూమెన్ల పైచిలుకు. మీ ఎలక్ట్రీషియన్ చెప్పిన ఒక్క 12 వాట్ల బల్బు మహా అయితే 1,200 నుంచి 1,400 ఇస్తుంది. అది ఏ కంపెనీదైనా ఆ హాలుకు చాలదు. ఎదురెదురు గోడలకు 2,000 ల్యూమెన్ల చొప్పున ఇచ్చే 20 వాట్ల బ్యాటెన్లు (ట్యూబ్‌లైటులా పొడుగ్గా ఉండే ఎల్‌ఈడీ పట్టీలు) రెండు వేస్తే లెక్క సరిపోతుంది. చూశారా, 9 మంచిదా 12 మంచిదా అన్న వాదనలో మీరంతా ఉండగా అసలు కొరత వేరే చోట ఉంది.

ఒక విషయం గమనించండి. ల్యూమెన్లు రెట్టింపైతే వెలుగు రెట్టింపైనట్టు కంటికి అనిపించదు. 900 తీసి 1,000 ల్యూమెన్ల బల్బు పెడితే ఇంట్లో ఎవరూ గుర్తుపట్టరు. తేడా తెలియాలంటే కనీసం ఒకటిన్నర రెట్లు పెరగాలి. అందువల్ల దుకాణంలో వంద ల్యూమెన్ల తేడా కోసం రెండు బ్రాండ్ల మధ్య ఊగిసలాడాల్సిన పని లేదు.

వయసు మాట కూడా ఇక్కడే చెప్పాలి. అరవై దాటినవారి కంటిపాప చిన్నదవుతుంది, కటకం పసుపుబారుతుంది. ఇరవై ఏళ్లవారి కంట్లోకి వెళ్లే వెలుగులో సుమారు మూడో వంతే వారి రెటీనా దాకా చేరుతుంది. మీకు సరిపోయిన వెలుగు మీ అమ్మగారికి చాలదంటే అందులో వింత లేదు. ఆవిడ ఎక్కువగా గడిపే గదులకు పై లెక్కను ఒకటిన్నర రెట్లు చేయండి.

వంటగది

ఫ్లాట్లలో ఇది దాదాపు అన్నిచోట్లా ఒకేలా జరుగుతుంది. బిల్డర్ వంటగది పైకప్పు మధ్యలో ఒక పాయింటు, తలుపు పైన గోడకు ఒక పాయింటు ఇస్తాడు. వంటగట్టు ఏమో కిటికీ వైపు గోడకు ఉంటుంది. అంటే గట్టు ముందు నిలబడిన మనిషికి లైటు వీపు వెనక ఉంటుంది. తల, భుజాల నీడ సరిగ్గా ఉల్లిపాయలు తరిగే చోట పడుతుంది. పైన అల్మారాలు బిగించాక గట్టు మీదికి వచ్చే ఆ కాస్త వెలుగు కూడా ఆగిపోతుంది. అలాంటి చోట మీరు 9 తీసి 20 వాట్లు పెట్టినా నీడ ఇంకా నల్లగా కనబడుతుందే తప్ప బియ్యంలో రాయి కనబడదు.

మరి పాత ట్యూబ్‌లైటు ఎలా బాగుండేది? దానికీ కారణం ఉంది. నాలుగడుగుల 36 వాట్ల ట్యూబు సుమారు 2,400 ల్యూమెన్లు ఇచ్చేది, చోక్‌తో కలిపి 46 వాట్ల దాకా తినేది. ఆ వెలుగు గొట్టం చుట్టూ అన్ని వైపులకూ పోయేది. పైకప్పు మీద, వెనక గోడ మీద పడి తిరిగి వచ్చేది. అలా నలుమూలల నుంచి వచ్చే వెలుగులో నీడలు పలచగా ఉంటాయి. ఎల్‌ఈడీ బ్యాటెన్ తన వెలుగునంతా ముందుకే విసురుతుంది. సగం కరెంటుకే దాదాపు అంతే వెలుగు నేల మీద పడుతుంది, కానీ నీడ అంచులు పదునుగా ఉంటాయి, పైకప్పు, మూలలు చీకటిగా మిగులుతాయి. కన్ను గదిని చూసేటప్పుడు గోడలను, పైకప్పును కూడా చూస్తుంది. అవి చీకటిగా ఉంటే “ఏదో మసకగా ఉంది” అనిపిస్తుంది. మీ అమ్మగారు చెబుతున్నది ఇదే అయి ఉంటుంది.

పరిష్కారం ఖరీదైనది కాదు. గట్టు మీది అల్మారా అడుగున, ముందు అంచుకు దగ్గరగా, రెండు లేదా మూడడుగుల సన్నటి బ్యాటెన్ ఒకటి వేయించండి. 10 వాట్లు చాలు, సుమారు 1,000 ల్యూమెన్లు. గట్టుకు రెండడుగుల ఎత్తులోనే ఉంటుంది కనుక ఆ వెలుగంతా పీట మీదే పడుతుంది. దూరం సగమైతే చిన్న బల్బు నుంచి వచ్చే వెలుగు నాలుగు రెట్లవుతుంది. పొడుగు బ్యాటెన్‌కు అంత కాకపోయినా రెట్టింపు పైనే ఉంటుంది. అల్మారా వెనక అంచుకు వేస్తే గోడ పలకలు మెరుస్తాయి, గట్టు ముందు భాగం చీకటవుతుంది. వడ్రంగులు వైరు కనబడదని వెనకకే వేస్తారు, దగ్గరుండి చెప్పాలి. స్విచ్ గట్టు దగ్గరే ఉండాలి. తడి చేతులు తగిలే చోట, స్టవ్ సెగ నేరుగా తగిలే చోట లైటు బిగించవద్దు.

మొన్నీమధ్య ఒక ఇంట్లో ఇల్లాలు వంటగదికి మూడోసారి బల్బు మార్పించమన్నారు. నేను బల్బు ముట్టుకోకుండా ఆమెను గట్టు ముందు నిలబడమని, ఫోనులోని టార్చి వెలిగించి అల్మారా కింద పట్టుకున్నాను. పీట మీద కత్తి అంచు, కొత్తిమీరలో కలిసిన గడ్డిపరక వేరుగా కనిపించాయి. “ఇంత చిన్న లైటుతోనా!” అన్నారు. ఈ పరీక్ష మీరూ చేయవచ్చు, డబ్బు ఖర్చు పెట్టకముందే తెలిసిపోతుంది.

చదువు బల్లకు, కుట్టు మిషనుకు, పూజగదికి కూడా ఇదే పద్ధతి. గదినంతా పట్టపగలు చేయాలని చూడకుండా పని జరిగే చోటుకు వెలుగును దగ్గరగా తేవాలి. కరెంటు పొదుపు కూడా అక్కడే ఎక్కువ జరుగుతుంది.

పసుపా, తెలుపా

పెట్టె మీద 2700కే, 3000కే, 4000కే, 6500కే అని ఉంటుంది. అది వెలుగు రంగు. 2700, 3000 అంటే పాత బల్బు పసుపు, 6500 అంటే నీలం కలిసిన తెలుపు, 4000 మధ్యస్థం. మన దగ్గర 6500 విపరీతంగా అమ్ముడుపోతుంది, ఎందుకంటే ట్యూబ్‌లైటుకు అలవాటుపడిన కళ్లకు అదే “లైటు” అనిపిస్తుంది. తెల్ల ఎల్‌ఈడీలో నిజానికి వెలిగేది నీలం రంగు ఎల్‌ఈడీయే (2014 భౌతిక శాస్త్ర నోబెల్ ఆ నీలం ఎల్‌ఈడీని సాధించిన ముగ్గురికి దక్కింది). దాని మీద పూసిన ఫాస్ఫర్ అనే పదార్థం కొంత నీలాన్ని పసుపుగా మారుస్తుంది. పసుపు ఎక్కువ కావాలంటే ఎక్కువ మార్చాలి, ఆ మార్పులో కొంత వెలుగు పోతుంది. అందుకే ఒకే కంపెనీ, ఒకే వాట్లలో తెల్ల బల్బుకు ల్యూమెన్లు కాస్త ఎక్కువ ఉంటాయి. ఆ తేడా కోసం పడక గదిలో 6500 పెట్టుకోవద్దని నా సలహా. నిద్రపోబోయే ముందు నీలం ఎక్కువ ఉన్న వెలుగు మంచిది కాదు. వంటగదికి, చదువు బల్లకు 4000, హాలుకు 4000 లేదా 3000, పడక గదికి 3000. ఒకే గదిలో మాత్రం రెండు మూడు రంగులు కలిపి వేయకండి, చూడటానికి బాగుండదు.

బాల్కనీకి పసుపు వేయడంలో ఇంకో లాభం ఉంది. తొలకరి వానలు పడగానే ఉసుళ్లు ఎలా ముసురుకుంటాయో మీకు తెలిసిందే. పసుపు లైటుకు పురుగులు తక్కువ వస్తాయి. అసలే రావని కాదు.

రంగులు సహజంగా కనబడతాయా లేదా అన్నది వేరే అంకె. పెట్టె మీద సీఆర్‌ఐ అని ఉంటుంది. 80 కన్నా తక్కువ ఉన్నది ఇంటికి కొనవద్దు. 90 దాటినది అద్దం దగ్గర, బీరువా దగ్గర, వంటగదిలో వేసుకుంటే తేడా తెలుస్తుంది. చవక లైటు కింద ముఖాలు పాలిపోయినట్టు, టమాటా, మాంసం వాడిపోయినట్టు, మెరూన్ చీర గోధుమ రంగులో కనబడుతుంటే సీఆర్‌ఐ తక్కువని అర్థం.

బిల్లు సంగతి

ఇక్కడ మీకు కాస్త నిరాశ కలిగించక తప్పదు. 9 వాట్లకు, 12 వాట్లకు తేడా రోజుకు 5 గంటల లెక్కన నెలకు 0.45 యూనిట్. యూనిట్ 6 రూపాయలనుకున్నా మూడు రూపాయలు కూడా లేదు. అదే 60 వాట్ల ఫిలమెంటు బల్బు తీసి 9 వాట్ల ఎల్‌ఈడీ వేస్తే నెలకు 9 యూనిట్ల నుంచి 1.35కి దిగుతుంది, ఒక్కో బల్బు మీద నలభై అయిదు రూపాయలు మిగులుతాయి. అసలు పొదుపు ఆ దశలోనే జరిగిపోయింది. ఇప్పటికే ఎల్‌ఈడీలు ఉన్నవారు మూడు నక్షత్రాలవి తీసి అయిదు నక్షత్రాలవి వేసినంత మాత్రాన బిల్లులో కనబడేంత మార్పు రాదు. పాతవి పోయినప్పుడు మంచివి కొంటే చాలు.

ఆ డబ్బు, ఆ శ్రద్ధ సీలింగు ఫ్యాన్ల మీద పెట్టండి. మామూలు ఫ్యాను 75 వాట్లు తింటే, తక్కువ కరెంటుతో నడిచే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30, 35 వాట్లతో అదే గాలి ఇస్తుంది. కోస్తాలో ఫ్యాను రోజుకు పదిహేను గంటలకు తక్కువ తిరగదు కదా. ఒక్క ఫ్యాను మార్పుతో నెలకు 18 యూనిట్ల పైన తగ్గుతుంది. ఇంట్లో లైట్లన్నీ కలిపినా అంత పొదుపు రాదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ ఇళ్లకు శ్లాబుల పద్ధతి ఉంది కనుక మీరు తగ్గించే యూనిట్లు మీ బిల్లులోని పై శ్లాబు ధరకు తగ్గుతాయి. తెలంగాణలో గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు పొందుతున్నవారికి ఇది మరీ ముఖ్యం. 200 దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి. 205, 210 దగ్గర తచ్చాడే ఇళ్లలో పాత జీరో బల్బులు, మెట్ల దగ్గర మిగిలిపోయిన ట్యూబు పట్టీ ఒకటి మార్పిస్తే గీత దిగువకు వచ్చేస్తారు.

ఎల్‌ఈడీలు త్వరగా ఎందుకు పోతాయి

పెట్టె మీద 25,000 గంటలు అని ఉంటుంది. రోజుకు 6 గంటల లెక్కన పదకొండేళ్లు. మీ పక్కింటివారి బల్బు ఏడాదికే పోయి ఉంటుంది. రెండూ నిజమే. సాధారణంగా ఆ గంటలు ఎల్‌ఈడీ వెలుగు 70 శాతానికి తగ్గేదాకా పట్టే కాలం. బల్బులో మొదట పోయేది ఎల్‌ఈడీ కాదు, దానికి కరెంటు అందించే డ్రైవర్. ముఖ్యంగా అందులోని కెపాసిటర్ వేడికి ఎండిపోతుంది. అందువల్ల గాలి ఆడని గాజు గోళంలో, మూతపెట్టిన డోములో 12 వాట్ల బల్బు బిగించకండి. అలాంటి చోట్ల 7 వాట్లు దాటనివ్వను నేను. వోల్టేజి ఎగుడుదిగుళ్లు ఎక్కువ ఉన్న ప్రాంతాల్లో పెట్టె మీద 100 నుంచి 300 వోల్టుల వరకు పనిచేస్తుందని, సర్జ్ (ఒక్కసారిగా ఎగిసే వోల్టేజి) రక్షణ 4 కిలోవోల్టులని ఉన్న రకం తీసుకోండి. ఇరవై రూపాయలు ఎక్కువైనా ఉరుముల కాలంలో నిలబడుతుంది.

కళ్లు లాగుతున్నాయి, తలనొప్పి వస్తోంది అంటే మినుకు ఉందేమో చూడండి. ఫోను కెమెరాను స్లో మోషన్‌లో పెట్టి లైటును వీడియో తీయండి. చారలు పరుగెత్తుతున్నట్టు, వెలుగు కొట్టుకుంటున్నట్టు గట్టిగా కనబడితే అందులో డ్రైవర్ నాసిరకం. మంచి బల్బుకు వీడియో దాదాపు నిలకడగా ఉంటుంది.

కొత్త ఫ్లాట్లలో తరచూ అడిగేది మరొకటి ఉంది: స్విచ్ ఆపినా బల్బు సన్నగా వెలుగుతూనే ఉంటుంది. బల్బు చెడిపోయిందనుకుని మారుస్తారు, కొత్తదీ వెలుగుతుంది. ఎర్ర ఇండికేటర్ దీపం ఉన్న స్విచ్ అయితే దాని గుండా వచ్చే చిటికెడు కరెంటు చాలు ఎల్‌ఈడీ మిణుకుమనడానికి. ఆ ఇండికేటర్ తీయిస్తే సరి. ఇండికేటర్ లేకుండా కూడా వెలుగుతోందంటే స్విచ్‌ను ఫేజ్ మీద కాకుండా న్యూట్రల్ మీద ఇచ్చారేమో టెస్టర్‌తో చూపించండి. న్యూట్రల్ మీద స్విచ్ ఉంటే లైటు ఆపినా హోల్డరులో కరెంటు ఉంటుంది. బల్బు మార్చేటప్పుడు షాక్ కొడుతుంది. వెంటనే సరిచేయించాలి. దూరం నుంచి వచ్చే పొడుగు వైర్ల వల్ల కూడా ఒక్కోసారి ఇలా జరుగుతుంది, అది ప్రమాదం కాదు.

పాత ట్యూబు పట్టీలో ఎల్‌ఈడీ ట్యూబు వేయాలనుకుంటే స్టార్టరు తీసేయాలి. చోక్ తీసి వైర్లు నేరుగా ఇవ్వాలా అన్నది ట్యూబుతో వచ్చిన కాగితంలో ఉంటుంది, దాన్ని చూసి చేయమనండి. నా మటుకు నేను పట్టీతో సహా తీసేసి బ్యాటెన్ వేయిస్తాను. ధర తేడా తక్కువ, తలనొప్పి ఉండదు.

ఫాల్స్ సీలింగ్ చేయిస్తున్నారో లేదో మీరు రాయలేదు. చేయిస్తుంటే ఒక హెచ్చరిక: అంచుల్లో దాచే స్ట్రిప్ లైటు చూడటానికి బాగుంటుంది కానీ దాని వెలుగు పైకప్పుకు తగిలి రావాలి, సగానికి పైగా దారిలోనే పోతుంది. దాన్ని అలంకారం కిందే లెక్కకట్టి, అసలు వెలుగుకు ప్యానెల్ లైట్లో బ్యాటెన్లో వేరుగా పెట్టించుకోండి. చిన్న స్పాట్ లైట్లు బొమ్మల మీదికి, పటాల మీదికి బాగుంటాయి. గదినంతా వాటితోనే నింపితే నేల మీద మచ్చలు మచ్చలుగా పడుతుంది.

మీ ఇంటికి నేనైతే ఇలా రాసిస్తాను. హాలుకు 20 వాట్ల బ్యాటెన్లు రెండు, వేర్వేరు స్విచ్‌ల మీద, 4000కే. టీవీ చూసేటప్పుడు ఒకటి చాలు. పడక గదులకు ఒక్కో 20 వాట్ల బ్యాటెన్, మంచం పక్కన 5 వాట్ల పసుపు బల్బు. అమ్మగారి గదిలో ఇంకో 9 వాట్లు కలపండి, మంచం నుంచి బాత్రూము దాకా నేలకు దగ్గరగా అర వాట్ రాత్రి దీపం ఒకటి. వంటగదికి పైకప్పున 20 వాట్లు, అల్మారా కింద 10 వాట్లు, సీఆర్‌ఐ 90 దొరికితే అవే. బాత్రూములకు 7 లేదా 9 వాట్లు, అద్దం పైన, మన వెనక కాదు. బాల్కనీకి 5 వాట్ల పసుపు. కరెంటు పోయినప్పటికి హాల్లో ఒకటి, వంటగదిలో ఒకటి బ్యాటరీ ఉన్న బల్బులు పెట్టుకోవచ్చు, కానీ బ్యాటరీ మీద వాటి వెలుగు బాగా తగ్గుతుంది. పెట్టె మీద ఆ అంకె వేరుగా ఉంటుంది, చూసి కొనండి.

దుకాణంలో బల్బు వెలిగించి చూపించేటప్పుడు పక్కన ఇంకా ఇరవై లైట్లు వెలుగుతుంటాయి. అక్కడ చూసి నిర్ణయించుకోకండి. ముందు ఒకటి కొని ఇంట్లో రెండు రాత్రులు వాడి చూసి, అప్పుడు మిగతావి తీసుకోండి. చాలా కంపెనీలు ఏడాది, రెండేళ్ల వారంటీ ఇస్తాయి. బిల్లు పోగొట్టుకుంటామన్న భయం ఉంటే దాన్ని ఫోటో తీసి ఉంచుకోండి, బిగించేటప్పుడు బల్బు మెడ మీద మార్కరుతో తేదీ రాయండి. గదుల కొలతలు, పాయింట్లు ఎక్కడున్నాయో రాస్తే ఈ లెక్క మీ ఇంటికి సరిగ్గా సరిచేసి చెబుతాను.